డార్క్ సైడ్ తర్వాత, ముందు నగ్గెట్స్

అరవైల నడుమ పుట్టిన, కలలో వింటున్నట్టుండే వింత శబ్దాల రాక్ సంగీతం సైకెడెలిక్ రాక్. దాన్ని కొత్తగా వినాలనుకునేవాళ్లు ఎవరిని అడిగినా ముందు ఒకటే పేరు చెబుతారు: పింక్ ఫ్లాయిడ్ వాళ్ల ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’. నాకూ ఆ రికార్డంటే ప్రాణం. అయినా కొత్తవాళ్ల చేతిలో ముందుగా అది పెట్టడం తప్పని గట్టిగా అనుకుంటాను. అది 1973లో వచ్చింది. ఈ సంగీతం ఉప్పెనలా వచ్చి, వెనక్కి తగ్గి అప్పటికి ఐదేళ్లు. డార్క్ సైడ్‌లో ప్రతి శబ్దమూ ఎక్కడుండాలో అక్కడే ఉంటుంది. ఆరితేరినవాళ్లు తీరిగ్గా కూర్చుని చేసిన పని అది. 1966, 67ల్లో ఉన్నది అది కాదు. కుర్రాళ్ల తొందర, చేతికందిన మిషన్‌తో ఏం చేస్తే ఏం వస్తుందో చూద్దామనే తెగింపు, సగం కుదిరీ సగం కుదరని ప్రయోగాలు. డార్క్ సైడ్ ముందు విన్నవాళ్లకి తర్వాత ఇవన్నీ మోటుగా అనిపిస్తాయి. ఇవి ముందు విన్నవాళ్లకి డార్క్ సైడ్ ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది, దాని విలువా పెరుగుతుంది.

ఈ మాటలు ఇప్పుడు ఎందుకంటే, భీమవరంలో ఇంజినీరింగ్ చదువుతున్న మా అన్నయ్య కూతురు రీల్స్‌లో టేమ్ ఇంపాలా అనే ఆస్ట్రేలియా బ్యాండ్ పాట ముక్క ఒకటి విని, “అత్తా, ఇలాంటివి ఇంకేం ఉన్నాయి? నీ దగ్గర లిస్టు ఉంటుందిగా, పంపవా” అని మెసేజ్ పెట్టింది. పంపాను. లిస్టులో పైన ఉన్నవి ఆల్బమ్‌లు కావు, సంకలనాలు. “ఇవేంటత్తా, అన్నీ ఎవరెవరివో కలిపేసినవి? ఒక్క బ్యాండ్ పేరూ తెలీదు నాకు” అంది. ఎందుకలా ఇచ్చానో ఫోన్లో చెప్పబోతే తెమల్లేదు. ఇక్కడ రాస్తే తనకే కాదు, ఇంకెవరికైనా పనికొస్తుంది.

1965 నుంచి 68 దాకా ఈ సంగీతం ఎక్కువగా బతికింది ఎల్పీలనే పెద్ద రికార్డుల్లో కాదు, నిమిషానికి 45 చుట్లు తిరిగే చిన్న రికార్డుల్లో. అటు ఒక పాట, ఇటు ఒక పాట. బీటిల్స్‌ని టీవీలో చూసి గిటార్లు కొనుక్కున్న అమెరికా హైస్కూలు కుర్రాళ్లు కారు షెడ్లలో సాధన చేశారు. దగ్గర్లో ఉన్న ఏ చిన్న స్టూడియోలోనో ఒక పాట రికార్డు చేసుకున్నారు. ఊరి రేడియోలో అది వస్తే మురిసిపోయారు. తర్వాత కాలేజీకో, ఉద్యోగానికో, వియత్నాం యుద్ధానికో వెళ్లిపోయారు. వాళ్లలో చాలామంది దగ్గర ఉన్నది ఒక్క మంచి పాటే. కానీ ఆ ఒక్క పాటా వింటే ఒళ్లు జలదరిస్తుంది. అలాంటివాళ్లు ‘గొప్ప ఆల్బమ్‌లు 50’ లాంటి లిస్టుల్లో ఎప్పటికీ రారు. ఆల్బమ్‌లతో మొదలుపెట్టినవాళ్లకి ఈ సంగీతం ఐదారుగురు మహానుభావులు సృష్టించినట్టు కనిపిస్తుంది. నిజానికి పేరూ ఊరూ లేని వందలమంది పిల్లలు ఒకేసారి మొదలుపెట్టిన సందడి ఇది. కొత్తగా వినేవాళ్లకి ఆ సందడి ముందు తెలియాలన్నదే నా వాదన.

అందుకు ‘నగ్గెట్స్’ని మించింది లేదు. ఎలెక్ట్రా కంపెనీ 1972లో తెచ్చిన రెండు ఎల్పీల సంకలనం అది, మొత్తం 27 పాటలు. కూర్చినవాడు లెన్నీ కే. అప్పటికి అతను న్యూయార్క్‌లో పాత రికార్డుల షాపులో పనిచేస్తూ పత్రికలకి రాసుకునే కుర్రాడు. తర్వాత ప్యాటీ స్మిత్ బృందంలో గిటారిస్టుగా పేరు తెచ్చుకున్నాడు గానీ, ఈ ఒక్క సంకలనం తప్ప ఏమీ చేయకపోయినా అతని పేరు నిలిచేది. ఐదారేళ్ల కిందటి పాటల్ని, అప్పటికే జనం మరిచిపోతున్న పాటల్ని, ఇవి పారేయకూడనివి అని ఏరి పెట్టాడు. ఏదైనా పాతబడి పూజలందుకునేదాకా ఆగి సంకలనం చేయడం సులువు. ఇంకా వేడి చల్లారకముందే విలువ గుర్తించడం అందరివల్లా కాదు.

మొదటి పాట ఎలక్ట్రిక్ ప్రూన్స్ అనే లాస్ ఏంజెలెస్ బృందం పాడిన ‘ఐ హ్యాడ్ టూ మచ్ టు డ్రీమ్’. రాసినవాళ్లు ఇద్దరు ఆడవాళ్లు: అనెట్ టకర్, నాన్సీ మాంట్జ్. ఈ సంగీతం గురించి రాసేవాళ్లు మగపిల్లల గిటార్ల దగ్గరే ఆగిపోతారు కాబట్టి ఆ పేర్లు పూర్తిగా చెబుతున్నాను. ఆ పాట మొదట్లో ఒక మోత వినిపిస్తుంది. తుమ్మెద ఝుంకారమూ కాదు, మోటారూ కాదు. ఎక్కడి నుంచో మొదలై, దగ్గరికొస్తూ పెరిగి, మీద పడబోతుండగా పాట అందుకుంటుంది. అది వెనక్కి తిప్పిన టేపులోని గిటార్. మామూలుగా తీగ మీటితే శబ్దం ఒక్కసారి పుట్టి మెల్లగా ఆగిపోతుంది. టేపు వెనక్కి తిరిగితే ఆగిపోవాల్సింది ముందొచ్చి, పుట్టాల్సింది చివర వస్తుంది. చెవికి తెలిసిన శబ్దమే, కానీ తెలిసిన వరసలో రాదు. సైకెడెలిక్ రాక్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే ఆ మొదటి కొన్ని సెకన్లు వినిపిస్తే చాలు.

అదే సంకలనంలో శాన్ హోసే కుర్రాళ్లు కౌంట్ ఫైవ్ ఉన్నారు. ‘సైకాటిక్ రియాక్షన్’ వాళ్ల పాట, 1966లో అమెరికాలో ఐదో స్థానం దాకా వెళ్లింది. డ్రాకులాలా భుజాల మీద కేపులు వేసుకుని స్టేజి ఎక్కేవాళ్లు. పాట మధ్యలో ఉన్నట్టుండి వేగం మారిపోతుంది, మళ్లీ ఏమీ ఎరగనట్టు పాత నడకలోకి వచ్చేస్తుంది. టెక్సస్‌లోని ఆస్టిన్ నుంచి థర్టీన్త్ ఫ్లోర్ ఎలివేటర్స్ ఉన్నారు. వాళ్ల ‘యూ ఆర్ గొన్నా మిస్ మీ’ వింటుంటే రాకీ ఎరిక్సన్ కేకల వెనక ‘బుడుబుడుబుడు’మని ఏదో ఆగకుండా మోగుతుంటుంది. అది టామీ హాల్ నోటి దగ్గర పెట్టుకున్న జాడీ. మైకు ముందు పెట్టి నోటితో మోగించడం. మనవాళ్లు కుండని చేత్తో కొట్టి ఘటం చేస్తే వాళ్లు నోటితో వాయిద్యం చేశారు. కొత్తవాళ్లకి మొదట చిరాకేస్తుంది. రెండోసారి ఆ జాడీ కోసమే వింటారు. ఆ పాట నచ్చితే వాళ్ల 1966 ఆల్బమ్ మొత్తం వినండి, నచ్చకపోతే తొందరేం లేదు.

ఒక్క జాగ్రత్త. రైనో కంపెనీ 1998లో నగ్గెట్స్‌ని నాలుగు సీడీలకి పెంచి 118 పాటలతో తెచ్చింది. 2001లో బ్రిటన్, ఇతర దేశాల పాటలతో రెండోది కూడా వచ్చింది. రెండూ నిధులే. కానీ కొత్తవాళ్లు ముందు ఆ 27 పాటలే వినాలి. లెన్నీ కే ఆ 27తో ఆగాడు, ఆ వరసలోనే పెట్టాడు. మంచి సంకలనంలో ఏం వదిలేశారన్నదీ ముఖ్యమే.

నేను ఈ దారిలోకి వచ్చింది కూడా ఒక సంకలనం వల్లే, దాన్ని ఎవరూ అలా పిలవకపోయినా. తొంభైల మొదట్లో అమలాపురంలో క్యాసెట్ రికార్డింగ్ షాపులుండేవి. కావలసిన పాటలు కాగితం మీద రాసి ఖాళీ క్యాసెట్ ఇస్తే రెండు మూడు రోజుల్లో రికార్డు చేసి ఇచ్చేవాళ్లు. మేం వెళ్లే షాపాయనకి క్యాసెట్ చివర ఖాళీ వదలడం ఇష్టం ఉండేది కాదు. రెండు మూడు నిమిషాలు మిగిలితే తనకి నచ్చిందేదో నింపేవాడు. మా వైపు ఇంటికొకరు మస్కట్టో కువైట్టో వెళ్లినవాళ్లే కదా. వాళ్లు తెచ్చిన ఇంగ్లిష్ క్యాసెట్లు ఆయన దగ్గరికి చేరేవి. ఒకసారి మా సినిమా పాటల క్యాసెట్‌లో ‘ఏ’ వైపు చివర, మార్చింగ్ డ్రమ్ములా మెల్లగా మొదలయ్యే పాట ఒకటి వచ్చింది. ఒక ఆడగొంతు. గట్టిగా లేదు, బెదిరిపోయీ లేదు. మెట్టు మెట్టు ఎక్కుతూ, ఎక్కడా దిగకుండా పైకి పోతోంది. సరిగ్గా కొసకి చేరబోతుండగా టేపు అయిపోయి బటన్ టక్కున లేచింది. అట్ట మీద చక్కటి తెలుగు అక్షరాల్లో ‘ఇంగ్లిష్ పాట’ అని రాసి ఉంది, అంతే. అది జెఫర్సన్ ఎయిర్‌ప్లేన్ వాళ్ల ‘వైట్ ర్యాబిట్’ అనీ, రాసి పాడింది గ్రేస్ స్లిక్ అనీ, 1967లో ‘సర్రియలిస్టిక్ పిల్లో’లో వచ్చిందనీ చాలా ఏళ్లకి గానీ తెలియలేదు. రెండున్నర నిమిషాల పాట. ఇప్పుడు మొత్తం విన్నా ఆ టేపు తెగిన చోటు నాకు తెలుస్తూనే ఉంటుంది.

ఆ షాపాయన చేసిన పని ఇప్పుడు యాప్ చేస్తోంది కదా అంటారు. చేయడం లేదు. యాప్ మనం విన్నదానికి దగ్గరగా ఉన్నదే ఇస్తుంది. ఘంటసాల పాటల వెనక గ్రేస్ స్లిక్‌ని పెట్టే ధైర్యం దానికి లేదు. సంకలనం వెనక ఒక మనిషి ఉంటాడు. ‘నువ్వు అడగలేదు, అయినా ఇది విను’ అంటాడు. మా మేనకోడలి లాంటి పిల్లలకి ఇప్పుడు కరువైంది పాటలు కాదు, అలా చెప్పే మనిషి.

ఇక ఈ పాటలు సాగదీతనీ, ఇంగ్లిష్ మాటలు అర్థం కావనీ, మనకి ఎక్కవనీ అనేవాళ్లున్నారు. మాటల సంగతి అలా ఉంచండి, సగం పాటల్లో ఇంగ్లిష్‌వాళ్లకీ అర్థం కావు. సాగదీత మాట మాత్రం గోదావరి జిల్లాల్లో పుట్టినవాళ్లు అనకూడదు. తిరనాళ్లలో తెల్లవార్లూ పద్యనాటకాలు చూసినవాళ్లం. నటుడు పద్యం చివరి పాదం అందుకుని రాగం తీస్తూ పోతుంటే, హార్మోనియం వెనకే వెళుతుంటే, చాపల మీద కూర్చున్న జనం ‘వన్స్‌మోర్’ అని అరిచి మళ్లీ పాడించుకున్న నేల ఇది. కథ ఆగిపోయిందని ఎవరూ బాధపడలేదు. ఆ ఆలాపన కోసమే వెళ్లేవాళ్లు. గ్రేట్‌ఫుల్ డెడ్ వాళ్లు 1969లో ‘లైవ్/డెడ్’లో ‘డార్క్ స్టార్’ని 23 నిమిషాలు వాయించింది కూడా అందుకే. పాట అనేది ఒక సాకు, దాని చుట్టూ తిరగడమే అసలు పని. అయితే అది మొదటివారం వినాల్సింది కాదు. ముందు బర్డ్స్ వాళ్ల ‘ఎయిట్ మైల్స్ హై’ వినండి, 1966ది. మూడున్నర నిమిషాల్లో రోజర్ మెగ్విన్ పన్నెండు తీగల గిటార్ మీద జాన్ కోల్ట్రేన్ శాక్సోఫోన్‌నీ రవిశంకర్ సితార్‌నీ కలిపి పట్టుకోవాలని చూస్తాడు. పట్టు చిక్కీ చిక్కకుండా జారిపోతుంటుంది. అందం అక్కడే ఉంది.

ఒక్క పాటని మాత్రం విడదీసి చూపించాలి. బీటిల్స్ ‘రివాల్వర్’ 1966 ఆగస్టులో వచ్చింది. దాని చివరి పాట ‘టుమారో నెవర్ నోస్’. ఆల్బమ్‌లో చివరిది గానీ అందరికంటే ముందు రికార్డు చేసింది ఇదే, ఆ ఏడాది ఏప్రిల్‌లో. మొదట తంబురా శ్రుతి వస్తుంది, దాని మీద పాట దాదాపు మొత్తం ఒకే స్వరాన్ని పట్టుకుని కూర్చుంటుంది. కచేరీలు విన్న చెవికి ఇది ఇంటికొచ్చినట్టే. ఆ రోజుల్లో పాప్ పాట మాత్రం అలా ఉండేది కాదు. రింగో డ్రమ్ము ఒకటే దరువు, తడబడుతున్నట్టు ఉండి ఎక్కడా తప్పదు. దాని పైన పక్షుల అరుపుల్లాంటివి, నవ్వుల్లాంటివి వచ్చి పోతుంటాయి. అవి పాల్ మెకార్ట్నీ ఇంట్లో చేసుకొచ్చిన టేపు ముక్కలు. చివరా మొదలూ అతికించి వలయాలుగా చేసినవి. స్టూడియో భవనంలో వేర్వేరు మిషన్ల మీద ఒకేసారి తిప్పుతూ, టేపు జారిపోకుండా సిబ్బంది పెన్సిళ్లతో బిగించి పట్టుకుని నిలబడితే, ఇక్కడ ఒకటి పెంచుతూ అక్కడ ఒకటి తగ్గిస్తూ కలిపారు.

లెనన్ గొంతు సంగతి ఇంకా బాగుంటుంది. తన గొంతు కొండ మీది నుంచి లామా మంత్రం చదువుతున్నట్టు రావాలన్నాడు. అప్పటికి ఇరవై ఏళ్ల ఇంజినీర్ జెఫ్ ఎమరిక్ ఆ గొంతుని హ్యామండ్ ఆర్గన్‌కి పెట్టే లెస్లీ స్పీకర్‌లోంచి పంపాడు. ఆ పెట్టె లోపల హారన్ గుండ్రంగా తిరుగుతుంది. ఊరేగింపులో రిక్షాకి కట్టిన మైకు వీధి మలుపు తిరిగేటప్పుడు పాట మన వైపుకొచ్చి అటు పోతుంది చూడండి, అది సెకనుకి ఎన్నోసార్లు జరిగితే వచ్చే వణుకు అది. పాట రెండో సగంలో లెనన్ గొంతు మారే చోటు చెవులు రిక్కించి వినండి, తెలిసిపోతుంది.

ఇదంతా వినపడాలంటే మాత్రం ఫోన్ స్పీకర్‌తో కుదరదు. మా మేనకోడలు ఒక ఇయర్‌బడ్ తను పెట్టుకుని రెండోది ఫ్రెండ్‌కిచ్చి వింటుంది. స్నేహానికి మంచిదే, ఈ పాటలకి కాదు. అరవైల చివర్లో స్టీరియో కొత్త. వాద్యాలన్నీ ఒక చెవికి, గొంతు ఒక చెవికి పెట్టేసిన పాటలు కొల్లలు. పింక్ ఫ్లాయిడ్ ‘ఇంటర్‌స్టెల్లార్ ఓవర్‌డ్రైవ్’ చివర మొత్తం బృందమే ఈ చెవిలోంచి ఆ చెవిలోకి ఊగుతుంది. ఒక్క చెవితో వింటే పాట మాటిమాటికీ ఆగిపోతున్నట్టుంటుంది. వందల రూపాయల వైరు ఇయర్‌ఫోన్ చాలు, రెండూ పెట్టుకోవాలి. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి. బస్సులో వద్దు, ఆక్వా చెరువుల పక్కన ఏరేటర్లు తిరుగుతుండగా అసలే వద్దు.

ఇప్పుడు ఆల్బమ్‌లు. ఆ ‘ఇంటర్‌స్టెల్లార్ ఓవర్‌డ్రైవ్’ ఉన్నది పింక్ ఫ్లాయిడ్ మొదటి ఆల్బమ్ ‘ద పైపర్ ఎట్ ద గేట్స్ ఆఫ్ డాన్’లో, 1967 ఆగస్టు. పింక్ ఫ్లాయిడ్ వినాలంటే ఇక్కడ మొదలుపెట్టాలి. డార్క్ సైడ్ చేసిన బృందమూ ఇదీ పేరుకే ఒకటి. ఇందులో ఎక్కువ పాటలు రాసి, పాడి, గిటార్ వాయించింది సిడ్ బారెట్. ఒక పాటలో గ్రహాల పేర్లు, ఒక పాటలో సైకిలు, ఒక పాటలో మరుగుజ్జు. పిల్లల పుస్తకం తెరిచినట్టుంటుంది, పేజీ తిప్పితే భయమేస్తుంది.

జాంబీస్ ‘ఒడెస్సీ అండ్ ఒరాకిల్’ 1968 ఏప్రిల్‌లో వచ్చింది. ఎక్కువ భాగం బీటిల్స్ రికార్డు చేసిన ఆబీ రోడ్ స్టూడియోలోనే చేశారు. విడుదలయ్యేసరికే బృందం విడిపోయింది. మరుసటేడు అందులోని ‘టైమ్ ఆఫ్ ద సీజన్’ అమెరికాలో పెద్ద హిట్టయింది, వేదికెక్కి పాడటానికి బృందమే లేదు. మెత్తటి పాటలు కావాలనేవాళ్లు దీంతో మొదలుపెట్టొచ్చు.

లవ్ అనే బృందం 1967 నవంబరులో తెచ్చిన ‘ఫరెవర్ ఛేంజెస్’ గురించి నేను కొంచెం మొండిగా మాట్లాడతాను. అమెరికా చార్టుల్లో 154 దగ్గరే ఆగిపోయిన రికార్డు ఇది. సైకెడెలిక్ అంటే గిటార్ గోల అనుకునేవాళ్లకి ఇదే నా జవాబు. ఎక్కువగా ఉన్నవి అకూస్టిక్ గిటార్లు, వయొలిన్లు, ట్రంపెట్లు. రాగాలు పెళ్లిమంటపానికి సరిపోయేంత హాయిగా ఉంటాయి. మాటలు మాత్రం వణికిస్తాయి. ఆ ఏడాది కాలిఫోర్నియా అంతా పువ్వులు పెట్టుకుని ప్రేమ, శాంతి అంటుంటే, ఆర్థర్ లీ అనే ఇరవై రెండేళ్ల నల్లజాతి కుర్రాడు లాస్ ఏంజెలెస్ కొండ మీద ఇంట్లో కూర్చుని ఇదంతా త్వరలో కుప్పకూలుతుందని రాశాడు. తను ఎక్కువ కాలం బతకననే అనుకున్నాడు. అందుకే ప్రతి పాటా చివరి మాట చెబుతున్నట్టుంటుంది. వరసగా మొత్తం వినాలి, కలిపేసి షఫుల్‌లో వింటే చచ్చిపోతుంది.

గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ దగ్గర అందరూ ‘పర్పుల్ హేజ్’ చెబుతారు. నేను 1968 అక్టోబరులో వచ్చిన ‘ఎలక్ట్రిక్ లేడీలాండ్’ చెబుతాను. అందులో ‘1983’ అనే పాట పదమూడు నిమిషాలు దాటి ఉంటుంది. నేల మీద యుద్ధం, అంతా నాశనం. ఒక జంట అన్నీ వదిలేసి సముద్రంలోకి నడిచి వెళ్లి నీటి అడుగున బతకాలనుకుంటారు. మధ్యలో మాటలు ఆగిపోతాయి. గిటార్, క్రిస్ వుడ్ ఫ్లూట్, దూరంగా గంటల్లాంటివి, సముద్రపు పక్షుల అరుపుల్లాంటివి. నీటి కింద నుంచి వింటున్నట్టే ఉంటుంది. గిటార్ పక్షిలా అరవడం చూసి విదేశీ విమర్శకులు పేజీలు రాశారు. మన కాకినాడ చిట్టిబాబు గారు ‘కొమ్మలో కోయిల’లో వీణ మీద కోయిలని పలికించారు. వాద్యం చేత వాద్యం కాని శబ్దం పలికించాలనే ఆ తపనని హెండ్రిక్స్‌లో గుర్తుపట్టడానికి మనకి ఏ విమర్శకుడూ అక్కర్లేదు.

కానీ ఆ పాటతో నాకొక పేచీ ఉంది. అందులో సముద్రం తలదాచుకునే చోటు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో ఉన్నవాళ్లెవరికీ సముద్రం అలా అనిపించదు. కొబ్బరిచెట్లు వేళ్లతో సహా లేచిపోయిన తుఫాను రాత్రి అది. తెల్లారి చూస్తే తోటల్లో ఆకాశం కనిపించింది, అంతకుముందు ఎప్పుడూ కనిపించని చోట. అందుకని ఆ జంట నీళ్లలోకి అడుగుపెట్టేటప్పుడు సియాటిల్‌లో పుట్టినవాడికి కలిగే శాంతి నాకు కలగదు. గుండె బిగుసుకుంటుంది. నేల మీద యుద్ధం ఎంత ఘోరంగా ఉంటే ఆ సముద్రం మేలనుకున్నారో అని తోస్తుంది. పాట నాకు ఇంకా బరువుగా, ఇంకా పెద్దగా వినపడుతుంది. ఎక్కడివాళ్లు అక్కడి చెవులతోనే వినాలి.

బీటిల్స్ ‘సార్జెంట్ పెప్పర్’ కూడా వినండి, నేను చెప్పక్కర్లేదు. ఐరన్ బటర్‌ఫ్లై బృందం పదిహేడు నిమిషాల పాట వినకపోయినా ఏం పోదు.

మత్తుమందుల మాట ఎత్తకుండా ఈ విషయం ముగించలేను. ఈ పాటల చుట్టూ ఎల్ఎస్‌డీ కథలు అల్లుకున్నాయి. కొన్ని నిజమే. అది చూసి ‘అది పుచ్చుకుని వింటేనే అసలు రుచి’ అని పిల్లలకి చెప్పే పెద్దమనుషులు ప్రతి ఊళ్లో తయారయ్యారు. మన్యం నుంచి గంజాయి కాలేజీ ఊళ్ల దాకా వస్తోందని పేపర్లో చూస్తూనే ఉన్నాం. అందుకే గట్టిగా చెబుతున్నాను: ఆ మాట అబద్ధం. పైన చెప్పిన టేపు వలయాలు, తిరిగే స్పీకర్లు నిద్రలో కల కన్నవాళ్లు చేసినవి కావు. గంటలు చూసుకుని పనిచేసిన ఇంజినీర్లు మెలకువతో చేసినవి. అదే 1966లో ‘ఫ్రీక్ అవుట్’ లాంటి వింత రికార్డు చేసిన ఫ్రాంక్ జాపా మత్తుమందులంటేనే మండిపడేవాడు. మరోపక్క చూడండి. సిడ్ బారెట్ 1968 మొదట్లోనే తన సొంత బృందానికి దూరమయ్యాడు. రాకీ ఎరిక్సన్ 1969లో గంజాయి కేసులో పట్టుబడి, జైలు తప్పించుకోవడానికి మతి చలించిందని ఒప్పుకుని, ఏళ్ల తరబడి మానసిక ఆసుపత్రిలో షాకులు తిన్నాడు. ఇరవై రెండేళ్ల వయసు. వాళ్ల పాటలు నాకు ప్రాణం కాబట్టే అవి ఇంకా ఎన్ని ఉండాల్సిందో తలచుకుంటే కోపమొస్తుంది.

మళ్లీ సంకలనాల దగ్గరికి వస్తాను, ఎందుకంటే ఇంగ్లండ్, అమెరికా దాటి బయటికెళ్లడానికీ అవే దారి. మన దేశంలోనే మొదలుపెట్టండి. 1970, 71ల్లో ఇంపీరియల్ టొబాకో కంపెనీ సిమ్లా సిగరెట్ల ప్రచారానికి ‘సిమ్లా బీట్’ అనే పోటీలు పెట్టింది. గెలిచిన బృందాల పాటలతో ఏడాదికో ఎల్పీ వచ్చింది. షిల్లాంగ్ నుంచి ఫెన్‌టోన్స్, మద్రాసు నుంచి కన్ఫ్యూజన్స్, ఇంకా కలకత్తా, బొంబాయి పిల్లలు. సిగరెట్ల డబ్బుతో వచ్చిందన్నది నాకు నచ్చదు, కానీ ఆ ఎల్పీలు లేకపోతే ఈ పిల్లలు పాడినట్టే మనకి తెలిసేది కాదు. రికార్డింగ్ పల్చగా ఉంటుంది, గిటార్లు మాత్రం నగ్గెట్స్ కుర్రాళ్లకి ఏమీ తీసిపోవు. దీని పక్కనే ఆనంద శంకర్ 1970 ఆల్బమ్ పెట్టుకోండి. ఉదయశంకర్ కొడుకు, రవిశంకర్ అన్న కొడుకు. సితార్‌నీ మూగ్ సింథసైజర్‌నీ కూర్చోబెట్టి రోలింగ్ స్టోన్స్ పాట వాయించాడు. అందులో ‘సాగర్’ అనే పొడుగాటి రచన ఉంది, హెండ్రిక్స్ సముద్రం తర్వాత అది విని చూడండి.

నాకు అన్నింటికంటే దగ్గరగా అనిపించింది పెరూ. ‘ద రూట్స్ ఆఫ్ చీచా’ అని 2007లో న్యూయార్క్‌లోని బార్బెస్ అనే చిన్న కంపెనీ తెచ్చిన సంకలనం. అమెజాన్ అడవిలో నదుల ఒడ్డున ఉన్న ఊళ్లలో చమురు తవ్వకాలతో డబ్బూ కరెంటూ వచ్చి, వాటితోపాటు ఎలక్ట్రిక్ గిటార్లూ ఆర్గన్లూ వచ్చాయి. అక్కడివాళ్లు కొలంబియా నుంచి వచ్చిన కుంబియా నాట్యపు లయ మీదే ఆ గిటార్లు వాయించారు. ఉకయాలి నది ఒడ్డున పుకల్పా ఊరి బృందం హువానెకో వాళ్లవి ముందు వినండి. కాలు ఆగదు, గిటార్ మాత్రం ఎక్కడో తేలుతుంటుంది. 1977లో విమాన ప్రమాదంలో ఆ బృందంలో చాలామంది పోయారు. పడవలు, అరటి గెలలు, ఒకపక్క చమురు రిగ్గులు చూసి పెరిగిన మనలాంటి ఊళ్లవాళ్లు ఈ పాటలు వింటే కొత్త అనుకోరు. మన దగ్గరా ఓఎన్‌జీసీ వచ్చింది, గ్యాసొచ్చింది. ఇలాంటి గిటార్లు ఎందుకు రాలేదని నాకెప్పుడూ వెలితిగా ఉంటుంది.

‘కంబోడియన్ రాక్స్’ మాత్రం ఒక ముందుమాటతో ఇస్తాను. ఒక అమెరికన్ పర్యాటకుడు కంబోడియాలో కొనుక్కున్న క్యాసెట్ల నుంచి ఏరి 1996లో రికార్డుగా తెచ్చారు. పాటలు అద్భుతం. కానీ మొదట వచ్చినప్పుడు దాని మీద పాడినవాళ్ల పేర్లు లేవు, పాటల పేర్లూ లేవు. ఆ గొంతుల్లో సిన్ సిసముత్, రోస్ సెరీసోథియా ఉన్నారు. ఆ దేశంలో ఇంటింటా తెలిసినవాళ్లు. 1975 ఏప్రిల్‌లో ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు దళం అధికారంలోకి వచ్చాక ఇద్దరూ ప్రాణాలతో బయటపడలేదు. ఆ ప్రభుత్వం చెరిపేసిన పేర్లని ఈ సంకలనమూ రాయలేదు. తర్వాత అభిమానులే ఒక్కో పాటా వెతికి పేర్లు పెట్టారు. కాబట్టి సంకలనాలు వినేవాళ్లకి ఒక పనుంది. పాట నచ్చగానే పాడిందెవరో, ఏ ఊరో, ఏ ఏడాదో వెతికి రాసుకోవాలి. మా మేనకోడలికి నోట్‌బుక్ కొనిచ్చాను కూడా. మొదటి పేజీలో అనెట్ టకర్, నాన్సీ మాంట్జ్ పేర్లు తనే రాసుకుంది.

టేమ్ ఇంపాలా దగ్గర మాత్రం మా ఇద్దరికీ ఇంకా కుదరలేదు. రీల్స్‌లో వచ్చే ఆ పాట 2015 నాటి ‘కరెంట్స్’లోది, తనకి అదే గొప్ప. 2012లో వచ్చిన ‘లోనరిజం’ దానికంటే ఎంతో మేలని నేనంటాను. డ్రమ్ములు అందులో ఇంకా మనిషి కొట్టినట్టే ఉంటాయి, గొంతు లెనన్‌లా దూరం నుంచి వస్తుంది, ‘రివాల్వర్’ విన్న చెవికి ఆ దారి తెలుస్తుంది. “అత్తా, నీకు పాతదైతే చాలు” అంటోంది. పండక్కి వస్తుందిగా, రెండూ పక్కపక్కన పెట్టి, రెండు ఇయర్‌ఫోన్లూ పెట్టించి, అప్పుడు తేలుస్తాను.